కొత్తపేట నుంచి పాతపట్నం దాకా

స్పెయిన్ దేశంలోని గ్రనాడా నగరానికి వెళ్లేవాళ్లు ముందుగా వెతికేది అల్హంబ్రా కోట టికెట్. దాని ధర ఇరవై యూరోల దరిదాపుల్లో ఉంటుంది, రద్దీ కాలంలో వారాల ముందే అయిపోతుంది. టికెట్ దొరకనివాళ్లు, దొరికినా కొనలేనివాళ్లు కొండ కింద ఉన్న ఊళ్లో నడుస్తారు. అక్కడ నడిబొడ్డున, గుర్రపు లాడం ఆకారపు కమాను వెనక, ఒక పాత లోగిలి కనిపిస్తుంది. మధ్యలో నీళ్ల తొట్టి, చుట్టూ మూడంతస్తుల వసారాలు. పేరు కోరాల్ దెల్ కార్బోన్, అంటే బొగ్గుల లోగిలి. 14వ శతాబ్దంలో గ్రనాడాను ముస్లిం సుల్తానులు పాలిస్తున్నప్పుడు కట్టిన సత్రం అది. దూరం నుంచి వచ్చిన వర్తకులు కింద సరుకు దించి, పశువులను కట్టేసి, పై గదుల్లో పడుకునేవారు. ఆ లోగిలి చూడటానికి ఈనాటికీ టికెట్ లేదు.

అలాంటి సత్రం మనకూ ఒకటుంది. హైదరాబాదులోని కొత్తపేటలో బస్సెక్కి ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు మీద పోతే హయత్‌నగర్ వస్తుంది. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు అది. ఆవిడను మా సాహెబా అనేవారు. మాసాబ్‌ట్యాంక్ అన్న పేరు కూడా ఆవిడదే. హయత్‌నగర్‌లో 17వ శతాబ్దపు మసీదు, దాని ఆవరణ చుట్టూ వరుసగా కమానుల గదులు, పక్కన ఏనుగుల బావి అని పిలిచే పెద్ద బావి ఉన్నాయి. ఆ గదులు సరాయి. మచిలీపట్నం రేవు నుంచి హైదరాబాదుకు నడిచో, బండి మీదో వచ్చే మనిషి నగరంలో అడుగుపెట్టేముందు అలసట తీర్చుకోవడానికి కట్టినవి. గ్రనాడాకూ హయత్‌నగర్‌కూ మధ్య ఖండాలు అడ్డున్నా ఆ రెండు కట్టడాలూ ఒకే సంగతి చెబుతున్నాయి. పాత నగరాలు నడిచి వచ్చేవాణ్ని లెక్కలో పెట్టుకుని పుట్టాయి. వాడి కాళ్లు ఎంత దూరం మోస్తాయో, ఎక్కడ నీళ్లు కావాలో, ఎక్కడ నీడ కావాలో చూసుకుని వాటిని కట్టారు. కాబట్టి తక్కువ డబ్బుతో చారిత్రక నగరం చూడాలనుకునేవాడు ఏదో సగం చూపు చూస్తున్నానని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆ నగరం ఎవరికోసం తయారైందో ఆ మనిషి అతనే. ఇదే ఈ ప్రసంగంలో నా వాదం. దీనికి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతం కంటే మంచి సాక్ష్యం నాకు తోచడం లేదు.

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు చాలామంది తగ్గించేది తిండిని, బసను, రోజులను. చూడాల్సిన చోట్ల సంఖ్యను మాత్రం తగ్గించరు. రెండు రోజుల్లో పదిహేను చోట్లు చుట్టేయాలనుకుంటారు. అప్పుడు ఆటోలకూ ట్యాక్సీలకూ పోయే డబ్బు టికెట్లను మించిపోతుంది. నేను చెప్పేది దీనికి తలకిందులు. చోట్లు తగ్గించండి, సమయం పెంచండి. స్పెయిన్‌లో డబ్బు ఆచితూచి ఖర్చుపెట్టే యాత్రికులు చేసేది అదే. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఉచితం. కోర్డోబాలో 785లో మొదలుపెట్టిన మహా మసీదు ఉంది, ఇప్పుడది కేథడ్రల్. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున్నే ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అందులోకి ఊరికే పోనిస్తారు. వందల స్తంభాల మధ్య పొద్దుటి వెలుతురు పడే వేళ అది. డబ్బు పెట్టి మధ్యాహ్నం వచ్చేవాడికి ఆ వెలుతురు దొరకదు. సెగోవియాలో రోమన్లు కట్టిన నీటి కాలువ వంతెనకు టికెట్టే లేదు, అది వీధి మధ్యలో నిలబడి ఉంది. డబ్బు పెట్టలేనివాడు ఆ లోటును సమయంతో పూడ్చుకుంటాడు. పాత నగరంలో ఆ మారకం అతనికే లాభం, ఎందుకంటే టికెట్ కౌంటర్ బయట ఉన్నదే ఎక్కువ.

అయితే మన ఇళ్లలో చాలామందికి స్పెయిన్ అన్న మాట దగ్గరే లెక్క తెగిపోతుంది. 2024 జూన్ నుంచి ఐరోపా షెంజెన్ వీసా రుసుమే పెద్దవాళ్లకు తలకు 90 యూరోలు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. విమానం టికెట్ దాకా పోకముందే ఒక మామూలు ఉద్యోగి ఇంట్లో నెల సరుకుల డబ్బు అక్కడే ఖర్చయిపోతుంది. పోగలిగినవాళ్లు తప్పకుండా పోవాలి. కానీ పాత నగరాన్ని తక్కువ డబ్బుతో చదవడం అనే విద్య నేర్చుకోవడానికి గ్రనాడా దాకా పోనక్కర్లేదు.

కొత్తపేట అంటే మన నగరవాసులకు గుర్తొచ్చేది ఏమిటి? ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్, లారీల మామిడి, బత్తాయి గుట్టలు. అది బాటసింగారం వెళ్లిపోయింది. ఇప్పుడు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, మెట్రో స్తంభాలు. చరిత్ర అనే మాట ఈ పేర్ల పక్కన ఎవరూ పెట్టరు. కానీ ఆ మెట్రో స్తంభాలు నిలబడ్డ రోడ్డు ఏది? గోల్కొండ నుంచి మూసీ దాటి, చార్మినార్ కూడలి మీదుగా తూర్పుకు, మచిలీపట్నం రేవుకు పోయే దారి ఈ వైపునుంచే సాగింది. గోల్కొండ వజ్రాలు, నేత బట్టలు సముద్రం చేరింది ఈ దిక్కునుంచే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే, ఆయన దేశస్థుడే అయిన యాత్రికుడు తెవెనో గోల్కొండ రాజ్యంలో తిరిగి రాసుకున్న యాత్రా గ్రంథాలు ఈ దేశపు దారుల గురించి ఐరోపాకు చెప్పాయి. అంటే దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న సిటీ బస్సు నాలుగు వందల ఏళ్ల నాటి రహదారి బాటలోనే ఆగి ఉంది. ఆ దారిని చూడటానికి టికెట్ ఎవరు పెడతారు?

ఆ దారి పక్కనే ఇంకా ఏమున్నాయో చూడండి. మెట్రోలో ఎల్బీనగర్ తర్వాత వచ్చే స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. రోజూ వేలమంది ఆ పేరు వింటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తనకోసం కట్టించుకున్న మహలు అది. 1901లో విక్టోరియా రాణి చనిపోయాక ఆమె జ్ఞాపకార్థం అనాథ పిల్లల ఆశ్రమంగా మారింది. ఈనాటికీ అక్కడ పిల్లలు ఉండి చదువుకుంటారు, కాబట్టి అది సందర్శకులు చొరబడే చోటు కాదు. కానీ రాజు విడిది కావలసిన ఇల్లు దిక్కులేని పిల్లల ఇల్లు కావడం, అది నూరేళ్లు దాటినా అలాగే నిలవడం, స్టేషన్ మెట్లు దిగేటప్పుడు గుర్తు చేసుకోదగ్గ సంగతి. ఇంకా ముందుకుపోతే మూసారాంబాగ్. ఆ పేరు మిషెల్ జోవాకిమ్ మరీ రేమాన్ అనే ఫ్రెంచి సేనాని నుంచి వచ్చిందంటారు. రెండో నిజాం కొలువులో వేలమంది సైన్యాన్ని నడిపి, తోపుల కార్ఖానా పెట్టించినవాడు. నేటి గన్‌ఫౌండ్రీ పేరు దాని గుర్తే. హిందువులు ఆయన్ను మూసా రామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీమ్ అన్నారు. 1798లో చనిపోయాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి, దాని పక్కన రాతి స్తంభం ఉన్నాయి. పక్కనున్న స్తంభాల మండపం 2001 వానలకు కూలిపోతే మళ్లీ నిలబెట్టారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండి చదువుకునే పిల్లలకు సాయంత్రం నడక దూరంలో, రూపాయి ఖర్చు లేకుండా, పద్దెనిమిదో శతాబ్దపు భారత రాజకీయమంతా ఆ గుట్ట మీద ఉంది. ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, టిప్పు, నిజాం, ఎవరు ఎవరితో ఎందుకు పొత్తు కలిశారన్న ప్రశ్నకు పోటీ పరీక్షల పుస్తకంలో రెండు వాక్యాలు ఉంటే, ఇక్కడ ఒక మనిషి పేరును రెండు మతాలవాళ్లు తమ నోళ్లకు తగ్గట్టు మలుచుకున్న తీరు ఉంది.

ఇక పట్నంలోకి పోదాం. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో తెరిచినప్పటి నుంచి కొత్తపేటవాళ్లకు పాతపట్నం బాగా దగ్గరైంది. విక్టోరియా మెమోరియల్ దగ్గరో, చైతన్యపురి దగ్గరో ఎక్కితే ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) ఆరు స్టేషన్ల లోపే. టికెట్ తలకు యాభై రూపాయలు దాటదు. ఆర్టీసీ బస్సులో పోతే, 2023 డిసెంబరు 9 నుంచి అమల్లో ఉన్న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు జీరో టికెట్. ఒక ఇంట్లో తల్లి, ఇద్దరు కూతుళ్లు కలిసి కోఠీ వైపు బస్సెక్కితే దారి ఖర్చు లేనట్టే. నా దృష్టిలో ఇది హయాత్ బక్షీ బేగం సరాయి లాంటి ఏర్పాటే. బయల్దేరడానికి డబ్బు అడ్డు కాకూడదన్న ఆలోచన రెండింటి వెనకా ఉంది.

ఎంజీబీఎస్ మూసీ పక్కనే ఉంది. అక్కడినుంచి చార్మినార్‌కు నడక సుమారు రెండు కిలోమీటర్లు. ఆటో ఎక్కకండి, ఈ నడక కోసమే మిగతాదంతా ఆదా చేసుకోవాలి. అఫ్జల్‌గంజ్ దగ్గర 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయం, ఇప్పుడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. లోపలికి పోవడానికి, కూర్చుని చదువుకోవడానికి పైసా అడగరు. దానికి సమీపంలోనే ఉస్మానియా ఆస్పత్రి, దాని ఆవరణలో చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు ఆ చెట్టెక్కినవాళ్లు నూట యాభై మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు వచ్చింది. నయాపూల్ వంతెన మీద నిలబడితే ఎదురుగా కనిపించే హైకోర్టు ఎర్రటి గుమ్మటాలు కూడా ఆ పునర్నిర్మాణ కాలానివే. వంతెన మీద పది నిమిషాలు ఆగినవాడికి ఈ నగరం ఎందుకు ఇలా ఉందో సగం అర్థమైపోతుంది. కారులో దాటినవాడికి అర్థమయ్యేది ట్రాఫిక్ ఒక్కటే.

వంతెన దిగి మదీనా కూడలి దగ్గర పక్కకు తిరిగితే బాద్‌షాహీ ఆశూర్‌ఖానా. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించిన ముహర్రం సంతాప మందిరం. గోడల నిండా రంగు పలకలు పొదిగిన పని, అలములు (పీరు జెండాలు), దీపాలు, మండే జ్వాలల ఆకారాలు. అల్హంబ్రాలో జనం వేల మైళ్లు దాటివచ్చి చూసేది కూడా గోడల మీది రంగు పలకల పనినే. రెండూ ఒకటని అనడం లేదు, కాలాలు వేరు, చేతులు వేరు. కానీ రంగుమట్టి పలకలతో గోడను పూదోట చేసే కళ పశ్చిమాన స్పెయిన్ దాకా, తూర్పున దక్కను దాకా పాకింది. దక్కనులో దాని గొప్ప ఉదాహరణ ఒకటి కొత్తపేట నుంచి గంటలోపు దూరంలో ఉంది. 1908 వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గోడలే చెబుతాయి: కింది భాగంలో పలకలు దెబ్బతిని, ఆ చోట తర్వాత రంగులు పూశారు. అది ఈనాటికీ మాతం జరిగే పుణ్యస్థలం. చెప్పులు విడిచి, గొంతు తగ్గించి వెళ్లాలి.

అక్కడినుంచి పత్తర్‌గట్టి. దుకాణాల ముందు రాతి కమానుల వరండా సాగిపోతుంది; ఎండలోనూ వానలోనూ నడిచేవాడికి నీడ. అది కూడా నగరాభివృద్ధి బోర్డు హయాంలోదే, అంటే వరద నుంచి తేరుకుంటున్న నగరం ముందుగా పాదచారిని తలుచుకుంది. దాన్ని దాటితే నాలుగు కమానులు, మధ్యలో గుల్జార్ హౌజ్. నాలుగు దారులు కలిసేచోట నీళ్లు, నాలుగు వైపులా ద్వారాలు. ఆపైన 1591 నాటి చార్మినార్. దాని పైకి ఎక్కడానికి టికెట్ పాతిక రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు అదీ లేదు. మెట్లు ఎక్కి కిందికి చూస్తే, మీరు నడిచి వచ్చిన దారి, నాలుగు కమానులు, అవతల మూసీ వైపు సాగిన బజారు అన్నీ ఒక గీతలో కనిపిస్తాయి. మక్కా మసీదుకు టికెట్ లేదు. 1617లో పునాది వేస్తే పూర్తయ్యేసరికి 1694, అప్పటికి కట్టించడం మొదలుపెట్టిన వంశమే లేదు. ఇవన్నీ చూశాక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. నలుగురున్న ఇంటికి రానూపోనూ మెట్రోకు నాలుగు వందల లోపు, చార్మినార్‌కు వంద లోపు, చాయ్‌కూ టిఫిన్‌కూ మరో మూడు నాలుగు వందలు. సినిమా హాల్లో ఒక ఆదివారం ఇంతకంటే ఎక్కువే తీసుకుంటుంది.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. చరిత్ర తెలిసినవాళ్లు మొదట అనేది: సరాయిలు, హౌజులు పేదవాడి మీద ప్రేమతో కట్టినవి కావు, వర్తకం పెరగాలని, సుంకం రావాలని కట్టినవి. నిజమే. ఏ సుల్తానూ ధర్మానికి మాత్రమే రోడ్డు వేయలేదు. కానీ కారణం ఏదైనా ఫలితం కాళ్లకు అనువైన నగరమే. వర్తకుడి వెనక గాడిదలు తోలేవాడు, కూలీ, ఫకీరు కూడా అదే నీళ్లు తాగారు. ఆ అనువు మిగిలి ఉన్నంతకాలం మనం దాన్ని వాడుకోవచ్చు, వాడుకోవాలి. అది పోయే తీరుకు స్పెయిన్‌లోనే ఉదాహరణ ఉంది. సాంతియాగో దె కొంపోస్తెలాలో కాలినడకన వచ్చే భక్తులకోసం ఇసబెల్లా, ఫెర్నాండో రాజదంపతులు కట్టించిన ధర్మసత్రం ఇవాళ ఖరీదైన హోటల్. కట్టడం నిలిచింది, అది ఎవరికోసం పుట్టిందో ఆ మనిషికి తలుపు ఇరుకైంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. అందరూ టికెట్ లేని చోట్లే వెతుక్కుంటే ఈ కట్టడాలను ఎవరు కాపాడాలి? నేను టికెట్ ఎగ్గొట్టమనడం లేదు. ఒక్కో విడతలో ఒక్క టికెట్ చోటు పెట్టుకోండి, దానికి డబ్బు సంతోషంగా కట్టండి. ఈసారి చార్మినార్, మరోసారి సాలార్‌జంగ్ మ్యూజియం, ఇంకోసారి చౌమహల్లా. ఒకే రోజు మూడూ చుట్టి ఏదీ చూడకుండా రావడం కంటే ఇందులో మ్యూజియానికీ నష్టం లేదు, మీకూ నష్టం లేదు. శుక్రవారం సాలార్‌జంగ్, చౌమహల్లా మూసి ఉంటాయని గుర్తుంచుకోండి. పైగా కట్టడాన్ని కాపాడేది డబ్బు ఒక్కటే కాదు. ఇర్రం మంజిల్ అనే పాత మహలును కూల్చి శాసనసభ కట్టాలని నిర్ణయం జరిగినప్పుడు పౌరులు కోర్టుకెక్కారు, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ భవనాన్ని తమదనుకున్నవాళ్లు లేకపోతే ఆ కేసే లేదు. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ పోయే మెట్రోలో ఆ పేరుతో స్టేషన్ ఉంది. రోజూ దాటిపోయేవాళ్లలో కొందరైనా దిగి చూస్తే అలాంటి కట్టడాలకు కాపలా పెరుగుతుంది.

మూడోది, ఎండ, పెద్దవాళ్ల మోకాళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్లు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నట్టు నటించను. మెట్రో స్టేషన్లలో మరుగుదొడ్లున్నాయి, బయల్దేరేముందు, తిరిగి ఎక్కేముందు అవి ఆదుకుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ ఇబ్బంది పెట్టదు. వేసవిలో తొమ్మిదిన్నరకల్లా నీడ చేరాలి. కానీ నయాపూల్ నుంచి చార్మినార్ దాకా కూర్చోవడానికి సరైన బల్లలు, శుభ్రమైన తాగునీరు, నమ్మకంగా వాడుకోగల మరుగుదొడ్లు ఉంటే ఈ అభ్యంతరంలో చాలా భాగం మాయమవుతుంది. కట్టడాల మీద రంగురంగుల దీపాలకంటే ముందు కావలసినవి ఇవి. గుల్జార్ హౌజ్ కట్టినవాళ్లకు కూడలిలో నీళ్లుండాలని తెలిసింది. మనకూ తెలుసు, చేయడమే మిగిలింది. కోర్డోబాలో లాగా చార్మినార్ పైకి కూడా పొద్దున ఒక గంట ఉచితంగా పోనిస్తే, పాతిక రూపాయలు లెక్క చూసుకునే ఇంటివాళ్లు పిల్లలతో రావడానికి అదొక పిలుపు అవుతుంది.

చివరిది రోజుకూలీ మాట. ఒక రోజు పని మానడం ఏ టికెట్ కంటే ఖరీదైనది. అందుకే రోజంతా అనడం లేదు, ఒక పూట అంటున్నాను. ఆదివారం ఏడున్నరకు చైతన్యపురిలో మెట్రో ఎక్కితే ఎనిమిదింపావుకల్లా నయాపూల్ మీద ఉంటారు. పత్తర్‌గట్టి దుకాణాల షట్టర్లు అప్పటికింకా వేసే ఉంటాయి, జనం తక్కువ, రాతి కమానులు చివరిదాకా కనిపిస్తాయి. తొమ్మిదికి చార్మినార్ టికెట్ కిటికీ తెరుస్తారు. పదకొండున్నరకు మళ్లీ కొత్తపేటలో దిగి, రైతు బజారులో కూరగాయలు తీసుకుని ఇంటికి చేరొచ్చు.